అందంగా ఉంటే సరిపోతుందా?

శుభలేఖలు, షాపుల ఫ్లెక్సీలు, స్కూలు బ్రోషర్లు డిజైన్ చేసే అమ్మాయిలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పేజ్‌మేకర్ నేర్చుకుని డీటీపీ సెంటర్లలో కూచున్న తరం నాది. తర్వాత కోరెల్‌డ్రా, ఫొటోషాప్ వచ్చాయి. ఇవాళ నాలుగు ముక్కలు టైపు చేస్తే కంప్యూటరే బొమ్మ గీసిచ్చేస్తోంది. "మా అబ్బాయి ఫోన్లోనే చేసేశాడండీ" అని పార్టీలు వెనక్కిపోతున్నాయి. అందుకే చాలామంది చూపు యూఎక్స్ మీద పడింది. పదేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి ఇటొచ్చినదాన్ని గనక నన్నూ అడుగుతుంటారు, "అక్కా, మేమూ మారిపోవచ్చా?" అని.

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, వాడేవాళ్ల అనుభవం. 1990ల మొదట్లో ఆపిల్ కంపెనీలో డాన్ నార్మన్ ఈ మాటని వాడుకలోకి తెచ్చాడు. ఫోన్లో యాప్ కావచ్చు, ఏటీఎం కావచ్చు, మనిషి ఎక్కడ తికమకపడుతోందో చూసి సరిచేసే పని. శుభలేఖ చూసి "ఎంత బాగుందో" అన్నారంటే మన పని అయిపోయినట్టే. (ముహూర్తం ఎన్నింటికో భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిన శుభలేఖలు ఎన్ని చూళ్లేదు!) యూఎక్స్‌లో అసలు పని ఆ మెచ్చుకోలు తర్వాతే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. డబ్బు పంపే యాప్ ఒకటి పరీక్షిస్తున్నాం. ఇంట్లోనే చీరలమ్మే ఒకావిడ చేతికి ఫోనిచ్చాం. తెరమీద 'లబ్ధిదారుని జోడించండి' అనుంది. ఆవిడ ఫోను వెనక్కిచ్చేస్తూ, "నాకే పథకమూ రాలేదమ్మా" అంది. ఇంగ్లీషు మాటని నిఘంటువు చూసి మార్చినవాళ్లకి, మన ఊళ్లలో లబ్ధిదారు అంటే అర్థమేమిటో తెలీదు. 'డబ్బు ఎవరికి పంపాలి?' అని మార్చాక, మరొకరిని అడక్కుండానే పంపేసింది. రంగు మారలేదు, బొమ్మ మారలేదు. మారింది మాట.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో సేవల్ని వాట్సాప్‌లోనే పెట్టింది. కొత్త యాప్ నేర్పించే బదులు జనం చేతిలో ఉన్నదాన్నే వాడుకుందామన్న ఆలోచన అది. ఇలాంటి తెరలు గీసేచోట మన భాషా, మన ఇళ్లూ తెలిసిన ఆడవాళ్లు లేకపోతే, రేపు పెన్షనుకీ గ్యాసుకీ మన అమ్మలు పక్కింటి కుర్రాణ్ణి బతిమాలుకోవాల్సిందే. ఓటీపీ కూడా అతనికే చెప్పాలి!

ఇక కుట్లూ, ముగ్గులూ, బొమ్మలూ ఇందులో పనికొస్తాయా అంటే, సుసాన్ కేర్ సంగతి చెప్పాలి. అమెరికాలో కళల్లో పీహెచ్‌డీ చేసి, శిల్పాలు చేసుకునే ఆవిడ 1983లో ఆపిల్‌లో చేరింది. గళ్లనోటు పుస్తకంలో నిలువు 32, అడ్డం 32 గళ్లలో మెకింతోష్‌కి బొమ్మలు గీసింది. చెత్తబుట్ట, నవ్వే కంప్యూటర్ ఆవిడవే. మోజాయిక్, గళ్లగుడ్డ మీద కుట్టు పనిలాంటిదే ఇదీ అని తర్వాత ఆవిడే చెప్పింది. మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్ వేసినవాళ్లకి, చుక్కలు లెక్కపెట్టి ముగ్గేసేవాళ్లకి ఆ మాట వేరే వివరించక్కర్లేదు. కొద్దిపాటి చోటులో పొందిక కుదర్చడం, తప్పయితే విసుక్కోకుండా ఊడదీయడం అక్కడే అలవడతాయి. అలాగని ముగ్గొస్తే ఉద్యోగమొస్తుందని నేననను. నోరు మూసుకుని ఎదుటివాళ్లు తడబడటం చూసే ఓపిక వేరే నేర్చుకోవాలి. మన చేత్తో గీసిందాన్ని "అర్థం కాలేదు" అంటుంటే కష్టంగానే ఉంటుంది.

2022 చివర్నుంచి పెద్ద టెక్ కంపెనీల్లో ఉద్యోగాల కోతలు చూశాం. కాబట్టి ఉన్న పని మానేసి దూకొద్దు. ఫిగ్మా మొదట్లో ఉచితంగానే దొరుకుతుంది. రోజూ విసిగించే ఏదో ఒక యాప్ తీసుకోండి. మీ వీధిలో అయిదుగురి చేతికిచ్చి చూడండి. పెద్ద లోపాలు పట్టుకోవడానికి అయిదుగురు చాలని జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. ఎక్కడ ఆగారో రాసుకుని, కాగితం మీద మార్చి గీసి, మళ్లీ చూపించండి. ఉద్యోగమిచ్చేవాళ్లకి సర్టిఫికెట్ కన్నా ఈ కాగితాలే ఎక్కువ చెప్తాయి. పెద్ద చదువే కావాలంటే, డిగ్రీ ఉన్నవాళ్లు మాస్టర్ ఆఫ్ డిజైన్ కోసం సీడ్ పరీక్ష రాయొచ్చు. దానికి వయసు పరిమితి లేదు. వేలకి వేలు ఫీజడిగే కోర్సుల దగ్గరికెళ్తే మాత్రం, డబ్బు కట్టకముందే ఒక్కమాట అడగండి: "మీ దగ్గర నేర్చుకునేవాళ్లు నిజంగా వాడే మనుషుల పక్కన ఎన్నిసార్లు కూచుంటారు?"