సీసాకూ ఉండాలి వ్యాగన్ నంబరు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌కు మరమ్మతుకొచ్చే గూడ్స్ వ్యాగన్ ఒంటి మీద 11 అంకెలుంటాయి. ఏ రకం, ఏ రైల్వేది, ఏ ఏడాది తయారైంది, అన్నీ అందులోనే. మిగతావి సరిగ్గా రాశారో లేదో చివరి అంకె పట్టిచ్చేస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఈ నంబరు చదవడం చాలామందికి ఇంటి విద్యే.

అదే ఊళ్లో, 1,072 మీటర్ల ప్లాట్‌ఫామ్ మీద అమ్మే నీళ్ల సీసాకు బ్యాచ్ నంబరు తప్ప తనదంటూ గుర్తింపు లేదు.

హైదరాబాద్ సంస్థ రీసైకల్ 2022లో కేదార్‌నాథ్‌లో సీసాలకు క్యూఆర్ కోడ్, 10 రూపాయల డిపాజిట్ పెట్టింది. ఖాళీది తెచ్చిస్తే డబ్బు వాపసు. అదే ఏడాది నీలగిరిలో మద్యం సీసాలకు తమిళనాడూ అలాంటి పద్ధతే తెచ్చింది. మంచిదే. కానీ ఆ కోడ్ ఒక్కసారి తిరిగొస్తే చాలు. మళ్లీ మళ్లీ నింపే గాజు సీసా సంగతి వేరు. ప్రతిసారీ వేడి కాస్టిక్ సోడా నీళ్లలో మునుగుతుంది. పాత లేబుల్ కూడా ఆ స్నానంలోనే ఊడిపోతుంది మరి! క్రేట్లలో ఒరుసుకుని నడుము చుట్టూ తెల్లటి చారలు కూడా పడతాయి.

అందుకే కోడ్‌ను లేజర్‌తో గాజులోకే చెక్కాలి, రాపిడి తగలని మెడ దగ్గర. కొంత చెరిగినా చదవగలిగే డేటా మ్యాట్రిక్స్ గుర్తులు ఇప్పటికే మందుల పెట్టెల మీద ఉన్నాయి. అప్పుడు సీసా ఎన్ని విడతలు తిరిగిందో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలుస్తుంది. ఖర్చు పానీయాల కంపెనీలే భరించాలి. చిల్లర కొట్టువాడి నెత్తిన రుద్దితే పథకం మొదటి వేసవి దాటదు. ఐఐటీ, వర్క్‌షాప్, రద్దీ జంక్షన్ ఒకేచోట ఉన్న ఖరగ్‌పూర్‌లోనే రైల్వే ఈ ప్రయోగం మొదలుపెట్టొచ్చు.