కళ తరఫున వకాల్తా ఎవరిది?

ఆ మధ్య ఒక హైస్కూల్లో వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. అంశం ‘అంతరించిపోతున్న జానపద కళలు’. పద్నాలుగు మంది మాట్లాడారు. అందరూ తోలుబొమ్మలాటతో ఎత్తుకుని, బుర్రకథ మీదుగా సాగి, ‘ఈ కళలను కాపాడుకోవాలి’ అని దండం పెట్టి దిగారు. తెలుగులో ఒక సౌకర్యం ఉంది. కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడిచిపోతుంది. ఎవరు కాపాడాలి, ఎవరిని అడగాలి, ఎంత ఖర్చవుతుంది అన్న బెంగ లేకుండా ‘కాపాడుకోవాలి’ అని చప్పట్లు కొట్టించుకోవచ్చు. నేనూ కొట్టాను. మొదటి బహుమతి అందుకున్న అమ్మాయిని తర్వాత పక్కకు పిలిచి, “మీ ఊళ్లో ఇవి ఆడేవాళ్లు ఎవరైనా ఉన్నారామ్మా?” అని అడిగాను. “ఏమో సార్, పుస్తకంలో చదివి చెప్పాను” అంది. పొద్దున మేం గేటు దాటుతుంటే స్వాగతంగా డప్పు కొట్టిన నలుగురు అప్పటికింకా ప్రహరీ పక్కన చెట్టు కింద కూర్చునే ఉన్నారు, డబ్బులిచ్చే మనిషి ఎప్పుడొస్తాడా అని చూస్తూ.

బడిలో కళలు నేర్పాలా వద్దా అన్న వాదన పాతది, అవసరమైనదే. దాని పక్కనే ఉన్న ఇంకో చదువును మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. పాడటం రాకపోయినా పాట తరఫున నిలబడి అడగటం నేర్చుకోవచ్చు. ఊళ్లో ఉన్న కళకు ఏం కావాలో కనుక్కుని, అది ఎవరి చేతిలో ఉందో తెలుసుకుని, వాళ్ల ముందు లెక్కతో సహా పెట్టడం ఒక విద్య. వకాల్తా పుచ్చుకోవడం అంటే అదే. ఈ విద్య వచ్చినవాళ్లు సినిమాకు, క్రికెట్‌కు కావలసినంతమంది ఉన్నారు. కిన్నెరకు లేరు.

నిన్నమొన్నటి వరకూ కళాకారుడి పక్షాన వేరెవరో అడగాల్సిన అవసరం పడలేదు, ఎందుకంటే అతనే అడిగేవాడు. తెలంగాణ పల్లెల్లో మాదిగలకు చిందువారు, డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, ఇలా ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేది. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు అన్న పంపకాలు ఉండేవి. దాన్ని మిరాశీ అనేవారు. పంట చేతికొచ్చాక వచ్చి, కథ చెప్పి, రావలసింది అడిగి తీసుకుని వెళ్లేవారు. అది బిచ్చం కాదు, హక్కు. చేర్యాల నకాశీ చిత్రకారులు మూరలకొద్దీ పటాలు గీసింది గోడకు తగిలించుకోవడానికి కాదు, ఈ కథకుల కోసం. కథకుడికి ఊరి మీద హక్కుంది కాబట్టి చిత్రకారుడికి పని ఉంది.

ఆ ఏర్పాటు కులం మీద కట్టినది. కులం మెట్ల మీద అందరికన్నా కింద నిలబడి అడిగే హక్కు అది. తిరిగి రావాలని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. కానీ అది పోయినప్పుడు దాని జాగాలో ఏం వచ్చిందని చూస్తే అవార్డు, శాలువా, సన్మానపత్రం కనిపిస్తాయి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు దాటేసరికి ఆయన కూలి పనికి వెళ్తున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. అందరం అయ్యో అనుకున్నాం. ‘ఎవరూ పట్టించుకోలేదు’ అన్నాం. మళ్లీ అదే, కర్త కనపడని వాక్యం. మిరాశీ ఉన్న రోజుల్లో ఎవరు ఇవ్వాలో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఇచ్చేది ప్రభుత్వమని అందరికీ తెలుసు గానీ, ప్రభుత్వంలో ఎవరు, ఏ పద్దు కింద, ఏ నెలలో అంటే ఎవరికీ తెలియదు.

అడిగి సాధించుకున్న చరిత్ర మనకు లేకపోలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి పఠన మందిరాలు పెట్టించారు. వాళ్లు ‘పుస్తకాలను కాపాడుకోవాలి’ అని ఊరుకోలేదు. సభలు పెట్టారు, తీర్మానాలు చేశారు, చట్టం కావాలన్నారు. దశాబ్దాలు పట్టింది. ఇవాళ మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నామంటే దాని వేళ్లు ఆ అడగటంలో ఉన్నాయి. ఆ సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సరిగా జమ చేయవన్నది వేరే గోల. కనీసం, ఇంత రావాలి, రాలేదు అని వేలు పెట్టి చూపడానికి ఒక అంకె ఉంది. బుర్రకథకు, యక్షగానానికి అలాంటి అంకె ఏదీ లేదు. కాబట్టి బకాయి అన్న మాటే పుట్టదు.

అంకె లేకపోయినా ఆధారాలు ఉన్నాయి, అవి తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థం కానంత కష్టమైనవేమీ కావు. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాలున్నాయి. 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యకలాపాలు. సాంఘికశాస్త్రం పరీక్షలో ‘పదకొండో షెడ్యూల్లో ఎన్ని అంశాలు?’ అంటే పిల్లలు టక్కున 29 అంటారు. ఆ ఇరవై ఒకటోదాని కింద మన పంచాయతీ కిందటేడు ఎంత ఖర్చు పెట్టిందన్న ప్రశ్న ఏ పేపర్లోనూ రాదు. పట్టణాలదీ ఇదే కథ. పన్నెండో షెడ్యూల్లో సాంస్కృతిక, విద్యా, సౌందర్యాత్మక అంశాల ప్రోత్సాహం అని స్పష్టంగా ఉంది. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు చూస్తే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి పైగా పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. మీ బడిలో ఉన్నారా? ఈ ప్రశ్న పిల్లలే అడగవచ్చు. సమాచార హక్కు పౌరులందరిదీ, దానికి వయసు అడ్డు లేదు. 2012లో లఖ్‌నవూకు చెందిన పదేళ్ల పాప గాంధీజీకి ‘జాతిపిత’ బిరుదు ఎవరు, ఏ ఉత్తర్వుతో ఇచ్చారో చెప్పమని దరఖాస్తు పెడితే, అది ప్రధాని కార్యాలయం నుంచి ఆఫీసులు మారి మారి జాతీయ ఆర్కైవ్స్ దాకా వెళ్లింది. అలాంటి ఉత్తర్వు లేదని తేలింది. మన దగ్గర పంచాయతీ స్థాయిలో అడగడానికి దరఖాస్తు రుసుం కూడా అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు.

అయితే కాగితం పట్టుకుని పరిగెత్తే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దీన్ని పిల్లలే కాదు, పెద్దలం కూడా మరిచిపోతాం. కళాకారుడి ఇంటికి వెళ్లి, “మీకేం కావాలి?” అని అడగాలి. ‘కళ’ అనే మొత్తానికి ఏమీ అక్కర్లేదు. ఒక్కోదానికి ఒక్కోటి కావాలి. ఏటికొప్పాక లక్క బొమ్మలు 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఎక్కాయి. ఆ ఊరి పనివాళ్లను అడిగితే ముందు అంకుడు కర్ర మాట చెబుతారు. కొండపల్లిలో అయితే తెల్లపొణికి. ఆ రెండు ఊళ్ల కళ తరఫున మాట్లాడటమంటే అటవీశాఖతో మొక్కల గురించి మాట్లాడటం. 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వారికి కావలసింది సామాన్లతో, కుటుంబాలతో కొన్ని వారాలు దిగి ఆడుకోవడానికి జాగా, పట్టణంలో అద్దె భరించగలిగే హాలు. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు లాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారు. వాళ్లకు బొమ్మ అమ్ముడవడం ఒక లెక్క, రాత్రంతా ఆట ఆడించే ఊరు దొరకడం ఇంకో లెక్క. ఈ తేడా తెలియని పిల్లవాడు ఎంత బాగా మాట్లాడినా బొమ్మకూ ఆటకూ కలిపి ఒకటే అర్జీ రాస్తాడు.

డప్పు కొట్టేవాళ్లను అడిగితే జవాబు ఇంకోలా ఉండొచ్చు: “మా పిల్లలు ఇది కొట్టకూడదు.” అప్పుడు మన విద్యార్థి ఏం చేయాలి? ‘మీ వారసత్వం, వదలొద్దు’ అని పాఠం చెప్పాలా? చావుకూ జాతరకూ పిలిచి దూరంగా నిలబెట్టిన వాద్యం అది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం దాన్ని ఆత్మగౌరవానికి గుర్తుగా ఊరి నడిమధ్యకు తెచ్చింది. డప్పు తరఫున ఇప్పటిదాకా జరిగిన వకాల్తాల్లో పెద్దది అదే, చేసింది వాళ్లే. బయటినుంచి వచ్చిన పిల్లలు అక్కడ నేర్చుకోవలసింది వినడం. వాళ్ల తరఫున అడగదగ్గది బహుశా ఒక్కటే: బడికి పిలిచినప్పుడు పూట కూలి ఎంతో ముందే చెప్పి, వాయించి దిగగానే ఇవ్వడం. మిగిలిన కులాల పిల్లలు డప్పు నేర్చుకుంటామంటే అది ఇంకా పెద్ద వాదన. ఇంట్లో మొదలుపెట్టాల్సిన వాదన.

పిల్లల చేత అర్జీలు పెట్టించడం వాళ్లను వాడుకోవడం కాదా అని ఒక మిత్రుడు అన్నాడు. భయం అర్థమైంది. మంత్రిగారు వస్తే ఎండలో నిలబెట్టి జెండాలు ఊపించే అలవాటున్న వ్యవస్థ మనది. రేపు ‘కళా పరిరక్షణ ర్యాలీ’ అని సర్క్యులర్ వస్తే పిల్లలకు ప్లకార్డు, టీచరుకు ఫొటో, పై ఆఫీసుకు లెక్క. అందుకే దీన్ని ర్యాలీగా కాక తరగతి పనిగా చూడాలి. ఊళ్లో ఎందరు కళాకారులున్నారో తిరిగి లెక్కరాయడం గణితం. వాళ్లతో మాట్లాడి రాయడం తెలుగు. ఎవరిని అడగాలో వెతకడం సాంఘికశాస్త్రం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు సంచీ లేని బడి అన్నది, కుమ్మరి, వడ్రంగి, కళాకారుల దగ్గర గడపమన్నది. ఆ పది రోజులూ సాధారణంగా పిక్నిక్‌కో, చార్టులకో పోతాయి. అందులో రెండు రోజులు చాలు దీనికి. జవాబు ‘కుదరదు’ అని వచ్చినా ఫర్వాలేదు. ఎందుకు కుదరదో రాతపూర్వకంగా రాబట్టడం కూడా చదువే.

నిజంగా కష్టపడేది ఉపాధ్యాయుడు. పంచాయతీ లెక్కలు పిల్లలు అడిగితే సర్పంచి ఫోను చేసేది ఆయనకే. బదిలీల సీజన్లో ఆ ఫోను విలువ ఎంతో ఉపాధ్యాయులకు తెలుసు. ఆ మాట దాచి ఈ చదువు గురించి రాయడం అన్యాయం. కర్ణాటకలో మక్కళ గ్రామసభ అని పిల్లల కోసం పంచాయతీలు విడిగా సభ పెడతాయి. అక్కడ అడిగేది పిల్లలు, జవాబు చెప్పాల్సింది పంచాయతీ, మధ్యలో టీచరు నలగాల్సిన పని తక్కువ. అలాంటిది మన దగ్గర చట్టంగా వచ్చేదాకా మామూలు గ్రామసభలే గతి. అవి ఎక్కువగా జనవరి 26, ఆగస్టు 15 లాంటి రోజుల్లో, జెండా పండుగ అయ్యాక పెడతారు. బడి పిల్లలు ఆ పూట ఎలాగూ అక్కడే ఉంటారు, సినిమా పాటకు డాన్స్ చేయడానికి.