క్రొత్త సంవత్సరమునకు ఏ వాక్యము?



డిసెంబరు వచ్చిందంటే మన డెల్టాలో పనులన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. సార్వా కుప్పలు నూర్చాలి, దాళ్వాకు నారుమడి చూసుకోవాలి, క్రిస్మసుకు గోడలకు సున్నం వేయాలి, పిల్లలకు బట్టలు కొనాలి. వీటన్నిటి చివర, 31వ తేదీ రాత్రి ఆరాధనలో, పళ్లెములోనుండి ఒక వాగ్దానపు కార్డు తీసుకొని ఇంటికి వెళతాము. కళ్లు మూసుకొని తీసేవారున్నారు. వచ్చిన వాక్యము నచ్చక ప్రక్కవారితో మార్చుకొనేవారూ ఉన్నారు. చిన్నతనంలో మేమూ ఒకసారి మార్చుకున్నాము. మాకు ఓర్పును గూర్చిన వచనము వచ్చింది, తమ్మునికి దీవెన వచ్చింది. వాడికి ఒక అరిసె ఇచ్చి ఆ దీవెన తీసుకున్నాము!

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఈ కార్డు సంగతి కొన్ని ఇళ్లలో కన్నీళ్లదాకా వెళుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి మీకు తెలిసినదే. ఆ నీరు క్రిందికి దిగి కొల్లేరు చేరింది. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలువలు వచ్చి పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుచేత వాన వెలిసినా లంక గ్రామాల్లో నీళ్లు రోజుల తరబడి కదలవు. ఆ నీళ్లు తీసిన తరువాత ఒక లంకలోని విశ్వాసుల ఇంటికి మేము వెళ్లాము. గోడమీద మొలలోతున నీటి చార. పెట్టెలో బట్టలన్నీ బురదే. ఆ ఇంటి సహోదరి బైబిలులోనుండి ఒక కార్డు తీసి మా చేతిలో పెట్టింది. 91వ కీర్తన 10వ వచనము. కీడు దరికి రాదని, ఇంటి సమీపానికి తెగులు రాదని చెప్పే వాక్యము. జనవరినుండి ప్రతిదినమూ దానిని చదువుకొని ప్రార్థించిందట.

“అయ్యగారండీ, కార్డు అబద్ధమాడిందా? నా విశ్వాసమే చాల్లేదా?” అని అడిగింది.

మాకు వెంటనే జవాబు తోచలేదు. ప్రార్థన చేసి, ఆమె ఇచ్చిన టీ త్రాగి వచ్చేశాము. ఇటువంటి ప్రశ్న మాకు క్రొత్త కాదు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయి ఆసుపత్రి పాలైనప్పుడు కూడా విన్నాము. కాని ఈసారి దారిపొడుగునా సిగ్గుపడ్డాము. ఆ కార్డులు కత్తిరించి పళ్లెములో పెట్టినది మేమే గదా! కత్తిరించినది కాగితమును మాత్రమే కాదు, కీర్తననుకూడ.

ఎందుకంటారా? అదే కీర్తన 15వ వచనము చదవండి. శ్రమలో తోడుగా ఉంటానని దేవుడు అక్కడ చెప్పుచున్నాడు. శ్రమే రాదన్నట్లయితే ఆ మాటకు చోటెక్కడ? మరియొక సంగతి. ఈ కీర్తన 11, 12 వచనములను మన ప్రభువుకు చెప్పినవాడెవడో మత్తయి 4వ అధ్యాయములో ఉన్నది. దేవాలయ శిఖరమునుండి దూకుమని శోధకుడు ఆ మాటలే ఎత్తి చెప్పాడు. ప్రభువు వాటిని కాదనలేదు, మరొక వాక్యమును వాటి ప్రక్కన పెట్టాడు. యిర్మీయా 29:11 కూడ అంతే. మన ఇళ్లలో అదెంత ప్రియమైన వచనమో! అది బబులోనులో చెరపట్టబడినవారికి వ్రాసిన ఉత్తరములోనిది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని దానికి ముందున్నది. విడుదలకు డెబ్బది సంవత్సరములు పడుతుందని 10వ వచనములో ఉన్నది. కార్డుమీద ఆ డెబ్బది ఉండదు.

చీట్లు తీయడమే తప్పని మేము అనడములేదు. జర్మనీ దేశములోని హెర్న్‌హూట్‌లో 1728లో జిన్‌జెన్‌డోర్ఫ్ ప్రభువు సంఘమునకు దినమునకొక మాట ఇవ్వడము మొదలుపెట్టాడు. 1731నుండి అది పుస్తకముగా వస్తున్నది. పాత నిబంధన వాక్యమును నేటికీ వారు చీటివేసే తీస్తారు. అయితే దానికి జతగా క్రొత్త నిబంధన వాక్యమును మాత్రం ఆలోచించి ఎంచుతారు. ఆ దేశములోనే 1930నుండి సంవత్సరమంతటికీ ఒక వాక్యమును పెట్టుకొనే అలవాటు ఉంది. దానికి చీటి లేదు, పెద్దలు కూర్చుండి చర్చించి కొన్నేళ్ల ముందే నిర్ణయిస్తారు. ఇక జాన్ వెస్లీ 1755లో లండనులో జరిపించిన నిబంధన ఆరాధనలో విశ్వాసులే దేవునికి మాట ఇచ్చారు. మనము తీసుకోవడానికే చెయ్యి చాపుతాము.

తాడేపల్లిగూడెములో ఉల్లిపాయల వ్యాపారము చేసుకొనే ఒక కుటుంబము కొన్నేళ్ల క్రితము కార్డు తీయకుండా సామెతలు 11:1ని ఎంచుకొన్నారు. దొంగ త్రాసును గూర్చిన వచనమది. కాటా ప్రక్కనే అంటించారు. “మొదటి నెల చాలా కష్టమైందండి. కుర్రాడు బస్తా దించేటప్పుడల్లా దానివైపు చూసి, తరువాత నావైపు చూసేవాడు” అన్నాడు ఆ సహోదరుడు. దీవెన మాట ఆయన ఎత్తలేదు, మేమూ అడగలేదు.

కాబట్టి ఈ యేడు ఇలా చేసి చూడండి. క్రిస్మసు హడావుడి తగ్గిన తరువాత ఒక సాయంత్రము టి.వి. కట్టివేసి అందరూ చాపమీద కూర్చోండి. గడచిన సంవత్సరములో ఇంట్లో ఏమి జరిగిందో దాచకుండా చెప్పుకోండి. అప్పు ఉంటే అప్పు, అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోతే ఆ సంగతి. పిల్లలనుకూడ మాట్లాడనివ్వండి. పెద్దలకు తోచనిది వారికి తోస్తుంది. ఆ తరువాత అధ్యాయమంతా చదివి వాక్యమును ఎంచుకోండి. మీచేత ఏ పనీ చేయించని వాక్యమైతే మరియొకటి వెదకండి. 31వ తేదీ రాత్రి పళ్లెములోనుండి కార్డు కూడ తీసుకోండి, అధ్యాయమంతా చదువుతామని మాట ఇచ్చి మరీ తీసుకోండి.

లంకలోని ఆ సహోదరి ఇంటికి మరల వెళ్లి 91వ కీర్తన అంతా కలిసి చదివాము. 15వ వచనము దగ్గర ఆమె ఆగింది. నీళ్లు వచ్చిన రాత్రి ప్రక్కింటివారు పడవలో తమను గట్టుకు చేర్చిన సంగతి, ఆ ఇంటితో అంతకుముందు రెండేళ్లుగా మాటలు లేని సంగతి అప్పుడు చెప్పింది. వారు ఎంచుకొన్న వాక్యము గలతీయులకు 6:2. ఒకరి భారమును ఒకరు మోయుట. ఏడవ తరగతి చదివే కుమారుడు దానిని నీటి చారకు జానెడు పైన బొగ్గుతో వ్రాశాడు. చదువురాని అత్తగారికి పొద్దున్నే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఆమెకు కంఠతా వచ్చేసిందట, అయినా చదివించుకొంటూనే ఉన్నదట.