ఒకే 1.1, రెండు అర్థాలు

“క్రియాటినిన్ 1.1 సార్, నార్మలే గదా?” అని అడిగేవారికి నా ఎదురు ప్రశ్న ఒకటే: ఈ రిపోర్టు ఎవరిది, వయసెంత? పాతికేళ్ల యువకునికి ఆ అంకె మూత్రపిండాల వడపోత నిమిషానికి సుమారు 95 మిల్లీలీటర్లని చెబుతుంది. అరవై ఐదేళ్ల స్త్రీకి అదే 1.1 అంటే దాదాపు 55. వడపోత 60కి లోబడి మూడు నెలలు కొనసాగితే దానిని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగానే పరిగణించాలి. క్రియాటినిన్ పక్కనే ఈజీఎఫ్ఆర్ ముద్రించడానికి అదనపు రక్తం అక్కరలేదు, కంప్యూటరులో ఒక లెక్క చాలు. ప్రతి ల్యాబుకూ దీనిని తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం.

మూత్రపిండ వ్యాధి అనగానే అందరూ ఉద్దానం వైపు చూస్తారు. 2023లో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి, రావలసినవే. కాని కర్నూలు, కడప పల్లెల్లో మధుమేహం, రక్తపోటు చప్పుడు లేకుండా మూత్రపిండాలను తినేస్తున్నాయి. పైగా మండుటెండలో వేరుసెనగ చేలో నీళ్లు తాగక పనిచేసి, సాయంత్రం నడుంనొప్పికి మెడికల్ షాపు డైక్లోఫెనాక్ మింగే అలవాటొకటి!

మధుమేహం, బీపీ ఉన్నవారు ఏటా మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి కూడా చూపించుకోవాలి. అది పదే పదే 30 దాటుతుంటే, క్రియాటినిన్ సరిగానే ఉన్నా, జల్లెడ దెబ్బతింటున్నదన్నమాట. ఈ దశలో రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు నష్టాన్ని నెమ్మదింపజేస్తాయి. అవి మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరిగిందని కొందరు భయపడి మానేస్తారు. పెరుగుదల 30 శాతం లోపైతే సాధారణంగా మానవలసిన పనిలేదు. రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూసి ఆ నిర్ణయం వైద్యుడే తీసుకోవాలి.