మెరుపు కన్నా బ్రేకు ముఖ్యం

స్నేహితుడి పాత రాజ్‌దూత్ 350ని బాగుచేయడమంటే ముందు అది నమ్మకంగా ఆగేలా చేయడం. రంగు తర్వాతి మాట. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ మన దేశంలో తెచ్చిన ఈ 347 సీసీ జంట సిలిండర్ల టూ స్ట్రోక్ బండికి, దీనికి మూలమైన జపాన్ యమహా ఆర్‌డీ 350కి ఉన్న ముందు డిస్కు బదులు డ్రమ్ బ్రేకు పెట్టారు. పరుగుకు తగ్గ ఆపుదల లేదు. పైగా కాట్రేనికోన లాంటి తీరంలో ఉప్పుగాలికి ట్యాంకూ వైర్ల కొసలూ తుప్పుపడతాయి; కొత్త పెయింటు ఆ జబ్బును కప్పేస్తుంది.

ఒరిజినల్ భాగాలు మారిస్తే విలువ పోతుందని కొందరంటారు. ప్రదర్శనకు పెట్టే బండి విషయంలో అది నిజమే. మిత్రుడు రోజూ అమలాపురం వెళ్లొచ్చే బండికి మాత్రం బ్రేకు షూలు, కేబుళ్లు, టైర్లు కొత్తవే ఉండాలి. తీసిన భాగాలు అతనికే అప్పగిస్తే చరిత్రా మిగులుతుంది. 15 ఏళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు అధికారులు చూసేదీ రోడ్డుకు పనికొస్తుందా అనే. ఈ సంచికలోని మరమ్మతు వ్యాసాలను ఎంచడానికి మేం పెట్టుకున్న కొలత కూడా అదే.