మాట వినెడి భూతము

వెల్గటూరు చెంత, గోదావరి యొడ్డున నున్న కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణెములు దొరకినవి. శాతవాహనుల కొలువులోని గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథను రచించెనని ప్రతీతి. దాని ననుసరించి సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరములో భేతాళకథ లున్నవి. రాజు పలికినచో భేతాళుడు మరల చెట్టెక్కును. తెలిసియు పలుకకున్నచో రాజు తల పగులును.

ఇట్టి చిక్కే నేడొక కంప్యూటరు ఆటలో కలదు. 2020 సెప్టెంబరులో కైనెటిక్ గేమ్స్ సంస్థ వెలువరించిన ఆ యాట పేరు ఫాస్మోఫోబియా. నలుగురు వరకు కలిసి భూతమున్న యింట ప్రవేశింతురు. దానిని చంపుట వారి పని కాదు. గడ్డకట్టించు చలి, వ్రేలిముద్రలు, పుస్తకములోని వ్రాత మున్నగు గురుతులను బట్టి అది యే జాతిదో తేల్చి బయటపడవలెను. వేటాడు వేళ భూతమునకు సమీపమున నున్నవారి మాటలు వినబడును. మరణించిన ఆటగాని మాట మాత్రము బ్రదికినవారికి వినబడదు.

గురుతులు కంఠస్థమైన పిమ్మట భయము పోయి లెక్క మిగులునని కొందరు ఆటగాండ్రు నిరాశపడుదురు. ఒంటరిగా నాడువారు దీని కొప్పుకొనరు. నలుగురు చేరినచో భయము నవ్వులపాలగునని మరికొందరి నింద. ఇది సరికాదు. నవ్వు ఆగిన క్షణమే యీ యాటకు ప్రాణము. తలుపు వెనుక దాగిన మిత్రుడు ఉన్నట్టుండి పలుకడు. జాగ్రత్తకై ఊరకుండెనో, మరణించెనో తెలియదు. పిలిచినచో భూతము వినును. పిలువకున్నచో వానిని విడిచినట్లగును. భేతాళుని మోసిన రాజు పలికి కాపాడుకొన్నది తన తలనే. ఇచట తోడివాని తల యున్నది. గురుతులు కంఠస్థమైనను ఈ చిక్కు కంఠస్థము కాదు. నిరాశపడినవారు దీనిని గమనింపలేదు.