వేసేవారెవరు? పాడేవారెవరు?

బొబ్బిలి, పరిసర గ్రామాల ప్రజలకు వేలం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. సంత ఆశీలు, పంచాయతీ చెరువులో చేపలు పట్టే హక్కు, దేవుడి మాన్యం కౌలు, బాకీ తీరక బ్యాంకులో ఉండిపోయిన పుస్తెలతాడు - అన్నీ ఏదో ఒకనాడు వేలానికి వచ్చేవే. అయితే ఆ వేలం జరిపించే మనిషిని ఏమనాలో మాత్రం మన నోటీసులకు ఇంతవరకు తేలలేదు.

జనం నోట ఈ చిక్కు లేదు. ఒకరు వేలం వేస్తారు, మరొకరు వేలం పాడుతారు. పాడినవాడు పాటదారు, అందరికంటె ఎక్కువ పాడినవాడు హెచ్చుపాటదారు. వేసేవాడికి మాత్రం అలాంటి నికరమైన ఒక్క మాట స్థిరపడలేదు. ‘వేలందారు’ అనే మాటను కొందరు వేలం జరిపేవారికి, మరికొందరు పాటకు వచ్చినవారికి వాడుతున్నారు. ‘వేలంపాటదారు’ గతీ అంతే. ‘ఖర్చులు వేలందారు భరించవలెను’ అని నోటీసులో ఉంటే, భరించవలసింది ఎవరు? చదువుకున్నవారే తడబడే చోట, వేలిముద్ర వేసే రైతు సంగతి చెప్పేదేముంది?

వేలం మనకు పోర్చుగీసువారి నుంచి వచ్చిన మాట అని భాషావేత్తలు చెబుతారు. హిందీలో నీలాం, తమిళంలో ఏలం దాని తోబుట్టువులే. ఆ పోర్చుగీసు మాటకు మూలం ప్రకటన అనే అర్థమున్న అరబ్బీ మాట. అంటే పుట్టుకలో ఈ మాట పాడేవాడిది కాదు, నలుగురిలో నిలబడి ప్రకటించేవాడిది. ‘పాట’ మాత్రం మన సొంతం. అది వచ్చి చేరడంతో పాడేవాడికి పేరు కుదిరింది, ప్రకటించేవాడు పేరు లేకుండా మిగిలాడు.

చిక్కును పెంచే మాట మరొకటి ఉంది. వేలం మొదట్లో ‘సర్కారు వారి పాట’ అని ఒక మొత్తం పిలుస్తారు. 2022లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. అది సర్కారు కొనడానికి పాడే పాట కాదు, అక్కడి నుంచి పైకి పాడమని చెప్పే మొదటి ధర. వేసేవారే ముందుగా పాడినట్టు వినిపించడం వల్ల, కొత్తగా పాటకు వచ్చినవారికి ఇద్దరి మధ్య గీత చెరిగిపోతుంది.

చట్టం మాత్రం ఆ గీతను గట్టిగానే గీసింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను ప్రకారం, వేలం వేసేవాడు సుత్తి కొట్టిగాని, వాడుకలో ఉన్న మరో రీతిలోగాని పాట ముగిసిందని ప్రకటిస్తేనే అమ్మకం పూర్తవుతుంది. అంతవరకు ఎవరి పాటను వారు వెనక్కి తీసుకోవచ్చు. ధర పెంచడానికి అమ్మేవాడు దొంగ పాట పాడిస్తే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 21వ ఆర్డరు, 73వ రూలు ఇంకా స్పష్టం: కోర్టు వేలంలో ఏ బాధ్యత ఉన్నవాడైనా, నేరుగాగాని చాటుగాగాని, ఆ ఆస్తికి పాట పాడరాదు. అదే ఆర్డరు కింద స్థిరాస్తి కొన్న పాటదారు నాలుగో వంతు సొమ్ము వెంటనే, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. వేసేవాడి బాధ్యత వేరు, పాడేవాడి బాధ్యత వేరు. వేసే చెయ్యి, పాడే నోరు ఒకరివే కారాదన్నది దీని సారం.

మాటలో ఏముంది, పని జరిగితే చాలదా అనేవారు ఉంటారు. సారా వేలాల రోజులను వారు గుర్తు చేసుకోవాలి. చెడ్డపేరు పాడుకున్న కాంట్రాక్టరుకు వచ్చిందిగాని, ఏటా ఆ వేలం వేసింది ప్రభుత్వమే. 1992లో నెల్లూరు జిల్లా మహిళలు సారా వేలాలను అడ్డుకున్నప్పుడు పాడేవారితో పాటు వేసేవారిని కూడా నిలదీశారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వేసేవాడు కంటికి కనబడితేనే అడగడానికి వీలుంటుంది.

ఇప్పుడు చాలా వేలాలు కంప్యూటర్ల మీదకు ఎక్కాయి. సుత్తీ లేదు, ‘ఒకటోసారి, రెండోసారి’ అనే కేకా లేదు. అడగవలసిన మనిషి మరింత దూరమయ్యాడు కనుక నోటీసులోని మాటకు విలువ మరింత పెరిగింది. పురపాలక సంఘం, పంచాయతీలు, దేవాదాయ శాఖ, బ్యాంకులు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. రెండర్థాల ‘వేలందారు’ను వదిలిపెట్టి, పాడేవారిని పాటదారు అని, వేసేవారిని వేలం అధికారి అని రాయాలి. ఆ అధికారి పేరు, హోదా, కలుసుకోవలసిన చోటు నోటీసు పైభాగంలోనే అచ్చువేయాలి. నగ కుదువపెట్టిన ఇల్లాలు ఆ కాగితం చదివించుకున్నప్పుడు, తన వస్తువును ఎవరు వేలం వేస్తున్నారో, గడువులోగా ఎవరి దగ్గరకు వెళ్లాలో ఆమెకు తెలియాలి.